పూర్వకథ ఋణం – ఉత్తరకథ ధర్మం: తెలుగు ఉత్తర రామాయణాల వెలుగులో 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండవ భాగం

వ్యాససంగ్రహం:

జనాదరణ పొందిన కథకు కొనసాగింపు వచ్చినప్పుడు అది మూలానికి దీటైనదా, కాదా అన్న చర్చ తప్పదు. నేడు ఈ చర్చ సినిమాలతోపాటు వీడియో గేమ్‌ల చుట్టూ కూడా సాగుతోంది. 2020లో వెలువడిన 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండవ భాగం ఇందుకు ప్రముఖమైన ఉదాహరణ. తెలుగు సాహిత్యం ఈ ప్రశ్నను 13వ శతాబ్దం నుంచే ఎదుర్కొంది. పట్టాభిషేకంతో ముగిసిన రామకథను కొందరు కవులు కొనసాగించారు, కొందరు అక్కడే ఆపారు. ఆ అనుభవం నుంచి ఉత్తరకథను అంచనా వేయడానికి మూడు ప్రమాణాలను గ్రహించి, వాటితో ఈ గేమ్‌ను పరిశీలించడం, మూలకథ ఇచ్చిన ఆనందాన్ని తిరిగి ఇవ్వడం ఉత్తరకథకు అసలు పరీక్ష కాదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉత్తరకథ, సీక్వెల్, వీడియో గేమ్, నిర్వచనోత్తర రామాయణం, ఔచిత్యం, ప్రతినాయకుడు, విముక్త.

1. ఉపోద్ఘాతం:

విశాఖపట్నంలోని ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. అదే ప్రాంతంలో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, కోచింగ్ సెంటర్లు కూడా ఉన్నాయి. కావ్యాలు చదివేవారు, వీడియో గేమ్‌లు ఆడేవారు ఒకే వీధుల్లో తిరుగుతున్నా, ఒకరి విమర్శ పరిభాష మరొకరికి చేరడం లేదు. గేమ్‌ను గురించిన చర్చ చిత్రాల నాణ్యత, ఆడే తీరులోని సౌలభ్యం, అమ్మకాల లెక్కల దగ్గర ఆగిపోతోంది. కావ్యవిమర్శ గేమ్‌ను కథనరూపంగా గుర్తించడానికి ఇంకా సంకోచిస్తోంది. అయితే కొన్ని గేమ్‌లు నేడు నవలంత విస్తారమైన కథను చెబుతున్నాయి. వాటికి వచ్చే కొనసాగింపులు లేవనెత్తే ప్రశ్నలు కావ్యవిమర్శకు చిరపరిచితమైనవే.

ఇక్కడ 'ఉత్తరకథ' అనే పదాన్ని పరిమితార్థంలో గ్రహించాలి. నన్నయ అరణ్యపర్వంలో విడిచిన భాగాన్ని ఎఱ్ఱన పూరించాడు. దాన్ని తన పేరిట కాక రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చి, నన్నయ రచించినట్లుగానే నడిపాడు. అది ఖాళీని పూరించడం. ముగిసిన కథను మళ్లీ తెరవడం వేరు. మంగళాంతమైన చోట తిరిగి మొదలుపెట్టే కవి, ఆ ముగింపు చాలదని పరోక్షంగా చెబుతున్నాడు. ఈ రెండో విధమైన రచనే ఈ వ్యాసంలో ఉత్తరకథ.

2. తెలుగులో ఉత్తర రామకథ – చేపట్టినవారు, ఆగినవారు:

వాల్మీకి రామాయణంలో యుద్ధకాండ పట్టాభిషేకంతో, ఫలశ్రుతితో ముగుస్తుంది. ఉత్తరకాండ ఆ తర్వాతి కథ. తెలుగు కవులు దీని విషయంలో రెండు దారులు పట్టారు.

తిక్కన పూర్వరామాయణాన్ని ముట్టకుండా ఉత్తరకథనే కావ్యవస్తువుగా ఎంచుకున్నాడు. నెల్లూరు పాలకుడు మనుమసిద్ధికి అంకితమైన నిర్వచనోత్తర రామాయణం పది ఆశ్వాసాల కావ్యం. నన్నయ స్థిరపరచిన గద్యపద్యాత్మకమైన చంపూమార్గాన్ని కాదని, వచనం లేకుండా పద్యాలతోనే దాన్ని నడపడం తిక్కన చేసిన సాహసం. రామనిర్యాణాన్ని ఆయన చెప్పలేదు. తర్వాతి కాలంలో జయంతి రామభట్టు మిగిలిన కథను పదకొండో ఆశ్వాసంగా చేర్చాడు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని యుద్ధకాండ వరకు ద్విపదలో రచించగా, ఆయన కుమారులు కాచ విభుడు, విఠలరాజు ఉత్తరకాండను అదే ద్విపదలో పూర్తి చేశారు. 18వ శతాబ్దంలో కంకంటి పాపరాజు ఎనిమిది ఆశ్వాసాల చంపువుగా ఉత్తర రామాయణాన్ని రచించాడు.

భాస్కర రామాయణ కవులు, మొల్ల, ఆధునిక కాలంలో కల్పవృక్షకర్త విశ్వనాథ సత్యనారాయణ ఆరు కాండలతో ఆగారు. ఆగడం కూడా ఒక విమర్శాత్మక నిర్ణయమే. పట్టాభిషేకం దగ్గర కథ పరిపూర్ణమైందన్న తీర్పు అందులో ఉంది. ఉత్తరకాండ ప్రక్షిప్తమన్న పండితుల వాదం కూడా ఈ తీర్పుకు బలం చేకూర్చింది. నచ్చని సీక్వెల్‌ను 'లెక్కలోకి రాదు' అని తోసిపుచ్చే నేటి అభిమాని మాటలో ఇదే వాదం ఛాయ కనిపిస్తుంది. కారణాలు వేరైనా, మూలకథ పరిపూర్ణతను కాపాడుకోవాలన్న తపన రెండింటిలోనూ ఒకటే.

ఈ చరిత్ర నుంచి మూడు ప్రమాణాలను గ్రహించవచ్చు. మొదటిది ఋణం: మూలకథ జవాబు చెప్పకుండా వదిలిన ప్రశ్నను ఉత్తరకథ చేపట్టిందా? రెండవది స్వరం: మూలం పద్ధతినే తిరగరాయకుండా తనదైన నిర్మాణాన్ని సాధించిందా? మూడవది నిగ్రహం: ఎక్కడ ఆగాలో దానికి తెలుసా? క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణంగా చెప్పిన ఔచిత్యం ఈ మూడింటికీ ఆధారం.

3. పూర్వకథ మిగిల్చిన ఋణం:

నాటీ డాగ్ సంస్థ రూపొందించిన 'ది లాస్ట్ ఆఫ్ అస్' 2013లో ప్లేస్టేషన్ 3 కోసం విడుదలైంది. బ్రూస్ స్ట్రేలీ, నీల్ డ్రక్‌మన్ దానికి దర్శకులు. ఒక శిలీంధ్రం సోకి మానవసమాజం కూలిపోయిన ఇరవై ఏళ్లకు ఈ కథ జరుగుతుంది. కన్నకూతురిని పోగొట్టుకున్న జోయెల్, ఆ వ్యాధి సోకినా చెక్కుచెదరని పద్నాలుగేళ్ల ఎల్లీని అమెరికా ఖండం మీదుగా తీసుకువెళతాడు. ఆమె ద్వారా మందు కనుగొనాలన్నది 'ఫైర్‌ఫ్లైస్' అనే దళం ఆశ. ఆ శస్త్రచికిత్సలో ఎల్లీ బతకదని తెలిసినప్పుడు జోయెల్ వైద్యుణ్ని, అడ్డువచ్చిన వారిని చంపి, స్పృహలేని ఆమెను ఎత్తుకుపోతాడు. తర్వాత, ఆమెలాంటి వారు ఇంకా ఉన్నారని, మందు కోసం ప్రయత్నాలే మానుకున్నారని అబద్ధం చెబుతాడు. నిజమేనని ఒట్టు వేయమంటే వేస్తాడు. ఆమె 'సరే' అంటుంది. గేమ్ అక్కడ ముగుస్తుంది.

ఆ 'సరే'లో నమ్మకం ఉందా, అనుమానం ఉందా అన్నది తేలదు. ప్రేమ కోసం చేసిన హత్యలకు, ప్రేమించిన వ్యక్తికే చెప్పిన అబద్ధానికి ఎవరు జవాబు చెప్పాలన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఇదే మొదటి భాగం మిగిల్చిన ఋణం.

యుద్ధకాండ మిగిల్చిన ఋణం కూడా ఇలాంటిదే. రావణవధానంతరం రాముని పరుషవాక్యాలు విన్న సీత చితి పేర్చమని లక్ష్మణుణ్ని అడిగి అగ్నిప్రవేశం చేస్తుంది. అగ్ని ఆమెను నిర్దోషిగా అప్పగిస్తాడు. వెనువెంటనే అయోధ్యా ప్రయాణం, పట్టాభిషేకం. నిందకు దైవం జవాబిచ్చింది. అయితే సీత చేత ఆ పరీక్ష చేయించడం న్యాయమా అన్న ప్రశ్న పట్టాభిషేక మంగళధ్వనుల్లో వినబడకుండా పోయింది. ఉత్తరకాండ దాన్నే మళ్లీ తెరుస్తుంది. వాల్మీకంలో భద్రుడు పురజనుల మాటగా ఆ నిందను రాజుకు విన్నవిస్తాడు. తర్వాతి సంప్రదాయంలో, మన సినిమాలలో అదే రజకుని మాటగా ప్రసిద్ధమైంది. గంగాతీరంలోని ఆశ్రమాలను చూడాలన్న సీత కోరికే ఆమెను అడవిలో విడిచిపెట్టడానికి సాకవుతుంది. సంగతి ఆమెకు ముందుగా తెలియదు.

రెండు కథల్లోనూ అత్యంత ఆత్మీయుడే సత్యాన్ని దాచాడు. ఎవరి గురించి నిర్ణయం జరిగిందో ఆ వ్యక్తిని ఎవరూ అడగలేదు. మందు కోసం ప్రాణమివ్వడానికి ఎల్లీ సిద్ధమో కాదో ఫైర్‌ఫ్లైస్ అడగలేదు, జోయెల్ కూడా అడగలేదు. రెండవ భాగంలో ఈ సత్యం తెలిసిన ఎల్లీ, తన బతుకుకు ఉండగలిగిన అర్థాన్ని అతడు లాగేసుకున్నాడని నిందిస్తుంది. ఋణమనే ప్రమాణం ప్రకారం ఈ ఉత్తరకథ సంపూర్ణంగా నెగ్గింది. మొదటి భాగం దాటవేసిన ప్రశ్నను తన కేంద్రంగా చేసుకుంది.

4. ప్రతినాయక వృత్తాంతం – కథను వెనక్కి నడపడం:

రెండవ భాగం 2020 జూన్ 19న ప్లేస్టేషన్ 4 కోసం వెలువడింది. నీల్ డ్రక్‌మన్, హేలీ గ్రాస్ దీని రచయితలు. కథ మొదలైన కొద్దిసేపటికే జోయెల్‌ను ఆబీ అనే యువతి దారుణంగా చంపుతుంది. పందొమ్మిదేళ్ల ఎల్లీ పగ తీర్చుకోవడానికి సియాటిల్ నగరానికి బయలుదేరుతుంది. ఆమెగా మూడు రోజుల కథను ఆడాక, ఇద్దరూ ముఖాముఖి నిలిచిన ఉత్కంఠ క్షణంలో కథ ఆగిపోతుంది. కాలం మూడు రోజులు వెనక్కి వెళ్లి, ఇప్పుడు ఆబీగా ఆడవలసి వస్తుంది. మొదటి భాగంలో జోయెల్ చంపిన వైద్యుడు ఆమె తండ్రి. దాదాపు సగం గేమ్ ఆమెది.

ఈ నిర్మాణమే ఎక్కువమంది ఆగ్రహానికి కారణమైంది. ప్రియమైన నాయకుణ్ని చంపిన వ్యక్తి కథ తమకెందుకన్నది వారి ప్రశ్న. తెలుగు పాఠకుడికి ఈ నిర్మాణం అంత వింతగా తోచనవసరం లేదు. పట్టాభిషిక్తుడైన రాముని కొలువుకు వచ్చిన అగస్త్యుడు చెప్పేది మొదట రావణుని కథే. పౌలస్త్య వంశం, కుబేరుని వైభవాన్ని చూపి కొడుకును పురికొల్పిన కైకసి, తలలు కోసి అర్పించిన తపస్సు, కైలాసం కింద నలిగి అరిచిన అరుపు, వేదవతి శాపం — ఇలా ఉత్తరకాండలో దాదాపు తొలి మూడోవంతు ప్రతినాయకునికే చెందుతుంది. తిక్కన కావ్యంలోనూ రావణ వృత్తాంతానిది పెద్దపీటే. చంపినవాడే కూర్చుని, చచ్చినవాని జన్మవృత్తాంతాన్ని ఆసక్తితో వింటాడు. శత్రువును తెలుసుకోవడం విజయం తర్వాత మిగిలే బాధ్యత అన్న భావన ఈ కల్పనలో ఉంది.

అయితే అగస్త్యుని కథనం విజేత కొలువులో వినిపించినది. రావణుడు అక్కడ మాట్లాడలేడు. ఆధునిక తెలుగు కథలో ఓల్గా మరో అడుగు వేశారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న 'విముక్త' సంపుటిలోని 'సమాగమం' కథలో, వాల్మీకి ఆశ్రమప్రాంతంలో ఉన్న సీత శూర్పణఖను కలుసుకుంటుంది. ముక్కుచెవులు కోల్పోయిన ఆమె తన చేతులతో ఒక అందమైన తోటను పెంచుకుంది. వికృతరూపంగా, హాస్యపాత్రగా మిగిలిపోయిన స్త్రీ ఇక్కడ తన గొంతుతో తానే మాట్లాడుతుంది.

అగస్త్యుని కథనంలో శ్రోత ప్రతినాయకుని గురించి వింటాడు. 'సమాగమం'లో పాఠకుడు ఆమె మాటనే వింటాడు. రెండవ భాగంలో ఆడేవారు ఆమె శరీరంతో నడవాలి, పరిగెత్తాలి, భయపడాలి. ఆబీ ఎత్తులంటే వణికిపోతుందన్న సంగతి ఎవరో చెప్పరు. ఎత్తైన చోట కంట్రోలర్ పట్టుకున్నవారే దాన్ని అనుభవిస్తారు. చివరకు ఎల్లీని తరుముతూ ఆబీగా పోరాడవలసిన ఘట్టంలో, ఆ మీటలు నొక్కడానికి చేతులు వెనకాడతాయి. కావ్యం కరుణతో సాధించేదాన్ని గేమ్ తన సొంత సాధనంతో సాధించిన చోటు ఇది. తిక్కన వచనాన్ని విడిచి తన మార్గాన్ని ప్రకటించుకున్నట్లే, ఈ ఉత్తరకథ ఒకే నాయకునితో నడిచే మూలం పద్ధతిని విడిచి తన స్వరాన్ని ప్రకటించుకుంది.

5. లక్ష్మణుని స్థానం – కర్తృత్వ సమస్య:

ఈ గేమ్‌పై వచ్చిన ఆక్షేపణల్లో అతి బలమైనది ఒకటి ఉంది. హింసను నిందించే ఈ కృతి హింస చేయడం తప్ప మరో దారి ఇవ్వదు. సమాచారం రాబట్టడానికి నోరా అనే స్త్రీని ఎల్లీ హింసించే ఘట్టంలో మీట నొక్కితేనే కథ కదులుతుంది. చనిపోయిన శత్రువును తోటివారు పేరుపెట్టి పిలిచి విలపిస్తారు. ఎంచుకునే వీలు లేనివారిని దోషిగా నిలబెట్టడం న్యాయమా?

ఈ ప్రశ్నకు ఉత్తరకాండలోని ఒక పాత్ర సాయంతో సమాధానం వెతకవచ్చు. సీతను విడిచిరమ్మన్న ఆజ్ఞ ఇచ్చినది రాముడు. ఎదురు చెప్పరాదని తమ్ములకు ఆన పెట్టాడు కూడా. రథం ఎక్కించి తీసుకువెళ్లినది లక్ష్మణుడు. యుద్ధకాండలో చితి పేర్చినదీ అతడే. తనకు ఇష్టం లేని నిర్ణయాన్ని తన చేతులతో అమలుచేసి, గంగ ఒడ్డున కన్నీరు పెట్టుకున్నాడు. కర్తృత్వం అతడిది కాదు, కర్మ మాత్రం అతడిదే. అతని దుఃఖానికి విలువ అక్కడే ఉంది.

ఈ గేమ్‌లో ఆడేవారి స్థానం లక్ష్మణునిది. మొదటి భాగంలోనూ వైద్యుణ్ని చంపకుండా కథ ముందుకు సాగదు. ఆనాడు చాలామంది ఆ పనిని జోయెల్ మీది ప్రేమతో సులువుగా చేశారు. రెండవ భాగం ఆ సులువును గుర్తుచేసి బాధపెడుతుంది. ఆక్షేపణ పూర్తిగా తొలగిపోదు. లక్ష్మణునికి ముందే అంతా తెలుసు, ఆడేవారికి తెలియదు. తెలియక చేసిన పనికి పశ్చాత్తాపం కోరడం కొన్ని చోట్ల రచయితల చేయి బయటపెట్టేంత మొరటుగా ఉంది. శునకాలను చంపించి, తర్వాత ఆబీ కథలో వాటితో ఆడించడం ఇందుకు ఉదాహరణ. అయినా ఇష్టం లేని ఆజ్ఞను మోసినవాని వేదన అనే భావాన్ని ఇంత నేరుగా అనుభవంలోకి తేవడం ఇతర కళారూపాలకు కష్టసాధ్యం.

6. ముగింపు ఘట్టాలు – నిగ్రహం:

ఉత్తరకాండలో మూలకథ మళ్లీ వినిపిస్తుంది. అశ్వమేధశాలలో కుశలవులు రామాయణాన్ని గానం చేస్తారు. నాయకుడు తన కథకు తానే శ్రోత అవుతాడు. పూర్వకథను తనలో పాటగా నిలుపుకున్న ఉత్తరకథ ఇది. రెండవ భాగంలో ఆ స్థానం గిటారుది. జోయెల్ నేర్పిన ఆ వాద్యం కథ పొడవునా అతని జ్ఞాపకంగా వెంట ఉంటుంది.

సభలో మరోసారి తన శుద్ధిని నిరూపించుకోవలసిన సీత భూమిని ఆశ్రయించి అదృశ్యమవుతుంది. పునఃకలయిక కోసం ఎదురుచూసిన రాముడు, ప్రజలు, శ్రోతలు అందరూ నిశ్చేష్టులవుతారు. లవకుశుల యుద్ధంతో, పాటలతో ప్రేక్షకులను అలరించిన 1963 నాటి 'లవకుశ' చిత్రం కూడా ఈ ఘట్టాన్ని మార్చడానికి సాహసించలేదు. ఉత్తరకథ పరమార్థం ఈ నిరాకరణలోనే ఉంది. పరీక్షను రెండోసారి అంగీకరించకపోవడం సీత చెప్పిన తీర్పు.

ఎల్లీ కూడా చివరిక్షణంలో నిరాకరిస్తుంది. డీనాతో, పసివాడితో పొలంలో ప్రశాంతంగా బతుకుతున్న ఆమె, పగ చల్లారక శాంటా బార్బరాకు వెళ్లి ఆబీని నీటిలో ముంచి చంపబోయి వదిలేస్తుంది. ఆ పోరులో రెండు వేళ్లు పోగొట్టుకుంటుంది. ఖాళీ ఇంటికి తిరిగివచ్చి గిటారు మీటబోతే స్వరం పలకదు. జోయెల్ మరణానికి ముందురాత్రి, అతణ్ని క్షమించడానికి ప్రయత్నించాలని ఉందని ఆమె చెప్పిన దృశ్యం అప్పుడు వస్తుంది. మొదటి భాగం చివరి 'సరే'కు జవాబు ఇదే. క్షమించడం మొదలుపెట్టేలోగానే కాలం తీరిపోయింది.

నిగ్రహమనే ప్రమాణం దగ్గర మాత్రం గేమ్ తడబడింది. పొలంలో కథ ఆగితే అది మరో పట్టాభిషేకమయ్యేది. కాబట్టి ఆ శాంతిని భగ్నం చేయడం ఉచితమే. కానీ శాంటా బార్బరాలో అంతవరకు ప్రస్తావన లేని బానిసవ్యాపారుల ముఠాను తెచ్చి మరిన్ని పోరాటాలు చేర్చడం వల్ల చివరి ఘట్టం బరువు తగ్గింది. సియాటిల్‌లోని రెండు దళాల యుద్ధం కూడా ఆబీ వ్యథకు అవసరమైన దానికన్నా విస్తరించింది. తిక్కన రామనిర్యాణాన్ని వదిలి కావ్యాన్ని ఆపాడు. అలాంటి ఎంపిక ఇక్కడ కొరవడింది.

7. ఉపసంహారం:

విడుదలైన మూడు రోజుల్లో 40 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోవడం, అదే సమయంలో అసంఖ్యాకంగా ప్రతికూల రేటింగులు రావడం, సంవత్సరాంతంలో 'ది గేమ్ అవార్డ్స్'లో ఉత్తమ గేమ్‌గా ఎంపిక కావడం ఈ కృతి మీది అభిప్రాయభేదానికి గుర్తులు. వాటితో దీటు తేలదు.

కథాబంధంలోని బిగువును, రసైక్యాన్ని బట్టి చూస్తే మొదటి భాగమే మెరుగైన కృతి. దాని ముగింపు చిన్నది, నిశితమైనది. ఋణం, స్వరం అనే రెండు ప్రమాణాల్లో రెండవ భాగం నిలబడింది, మూడవదైన నిగ్రహంలో వెనకబడింది. కానీ దీన్ని ఆడినవారు మొదటి భాగాన్ని మళ్లీ ఆడితే, ఆసుపత్రిలో అడ్డువచ్చిన వైద్యుడు పేరులేని శత్రువుగా ఉండడు. ఒక కూతురు ఎదురుచూస్తున్న తండ్రిగా కనిపిస్తాడు. ఉత్తరకాండ తెలిసిన శ్రోతకు యుద్ధకాండలోని అగ్నిప్రవేశం కూడా ఇలాగే మారిపోతుంది. చితి పేరుస్తున్న లక్ష్మణుని వెనుక, గంగ ఒడ్డున నిలిచిన లక్ష్మణుడు కనిపిస్తాడు.

పూర్వకథ మీది గౌరవంతో ఆగిపోయిన భాస్కరాదులది, మొల్లది, విశ్వనాథది ఒక న్యాయం. ఆ గౌరవంతోనే ప్రశ్నించిన తిక్కనాదులది మరో న్యాయం. రెండవ దారి పట్టిన కృతిని మొదటి దారి కొలతతో కొలవడం సరికాదు. మూలకథ ఇచ్చిన ఆనందాన్ని మళ్లీ ఇచ్చిందా అని అడిగితే 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండవ భాగం ఓడినట్లే. ఆ ఆనందానికి ఎవరు మూల్యం చెల్లించారని అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు దీనిలోనే దొరుకుతుంది. తెలుగులో గేమ్ విమర్శ ఈ రెండో ప్రశ్నతో మొదలైతే, కావ్యవిమర్శ శతాబ్దాలుగా కూడబెట్టిన సామగ్రి దానికి అక్కరకు వస్తుంది.